చెట్టుకొచ్చిన బొల్లి

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా పెరట్లోని వేపచెట్టుకూ నా ఎడమ చేతికీ ఒకే ఏడాది బొల్లి వచ్చింది. చెట్టు సంగతి వీధంతా చూసింది. నా సంగతి నాకొక్కదానికే తెలుసు. మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని తిరిగేదాన్ని.

మా నాన్నది నూలుకు రంగులద్దే పని. ఆ వేప నీడలోనే తొట్లు పెట్టుకునేవాడు. ఆ ఏడు ఆకు పలచబడింది, కొమ్మల చివర్లు ఎండాయి, మాను నిండా రూపాయి బిళ్ళలంత బూడిదరంగు మచ్చలు తేలాయి. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: చెట్టుకు బొల్లి పట్టింది, ఇంట్లో మనుషులకు అంటకముందే కొట్టించెయ్యండి. మా నాన్న మొండివాడు. ముందు తానే వైద్యం మొదలుపెట్టి, కొడవలితో చాలా మచ్చలు గీకేశాడు. గీకిన చోటల్లా బంక కారింది, చీమలు చేరాయి. ఆకు మాత్రం రాలుతూనే ఉంది. చివరికి విసిగిపోయి, మర్నాడు పొద్దున గొడ్డలి పట్టుకుని రమ్మని ఒకాయనకు కబురు పెట్టాడు.

ఆ మాట విన్న మధ్యాహ్నం నేను స్నానాల దొడ్లో దూరి, ఇటుక ముక్కతో నా చేతిని గీక్కున్నాను. నాన్న చెట్టుకు చేసిందే నేనూ చేశాను. మచ్చ పోలేదు, నెత్తురొచ్చింది. చెట్టునైతే కొట్టేస్తారు, మరి నన్నేం చేస్తారు? ఎనిమిదేళ్ళ పిల్లను, ఎవరిని అడగను? అన్నం కూడా సయించలేదు.

తెల్లారి గొడ్డలాయన వచ్చి, మొదటి కొమ్మకు తాడు కట్టి, గొడ్డలి నూరుకుంటున్నాడు. అప్పుడే పక్కింటి ముసలమ్మ, మేమంతా నానీ అని పిలిచే ఆవిడ, చేతిలో మసాలా డబ్బాతో గోడ పక్కనుంచి వచ్చింది. మా ఇంట్లో కూర మసాలా ఆవిడ చేసిచ్చిందే. చెట్టు ఊసే ఎత్తకుండా, డబ్బాలోంచి నల్లటి ఎండు రెక్కలు చిటికెడు తీసి నాన్న అరచేతిలో పెట్టింది.

"ఇదేంది సెప్పప్పా?"

"రాతిపువ్వు గదా, నానీ."

"యాడ పుడుతుందనుకున్నావు? రాళ్ళ మీద, మాన్ల మీద. నీ సెట్టు మీదుండేది దీని సుట్టమే. ఇన్నేండ్లు నా మసాలా కూర తిని వేళ్ళు నాకినావే, నీకేమన్నా బొల్లి వచ్చిందా?"

గొడ్డలాయన పకపకా నవ్వాడు. నాన్న నవ్వలేదు. నానీ మాను దగ్గరికి పోయి గీకకుండా మిగిలిన ఒక మచ్చ అంచును గోటితో లేపి చూపించింది. కింద బెరడు చెక్కుచెదరలేదు. అక్కడే ఇంకాస్త గీరితే లోపల పచ్చగా ఉంది. ఇది బెరడు మీద అద్దెకుండేదే గానీ ఇల్లు కూల్చేది కాదంది. తర్వాత కాలితో చెట్టు మొదలు చూపించింది. అక్కడ నేల నీలంగా, ఎర్రగా అట్టకట్టి ఉంది.

"దీన్ని సంపుతాండేది నీ తొట్టి నీళ్ళప్పా. ఆకు రాలి మానుకు ఎండ తగిలింది, ఎండకు ఇవి పెరిగినాయి."

నాన్న ముఖం మాడిపోయింది. కొట్టడానికి వచ్చినాయన చేతిలో గొడ్డలి ఇంకా ఉంది. నాన్న దాన్ని పక్కన పెట్టించి, పార తెమ్మన్నాడు. ఆ మట్టి తవ్వి పోయించి, చెరువు మట్టి నింపించాడు. రంగు తొట్లు చెట్టుకు దూరంగా జరిపించాడు. మచ్చల జోలికి మళ్ళీ పోలేదు.

నానీ మాత్రం ఇంటికి పోలేదు. నా జాకెట్టు చేతి మీది నెత్తుటి మరకను ఎప్పుడు చూసిందో! ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీళ్ళు చిలకరిస్తూ అందరి ముందే, పుండుకు అంటుకుపోయిన ఆ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. తెల్లమచ్చ బయటపడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"సెట్టుకు సెప్పిందే ఈ బిడ్డకూ," అంది నాన్నతో.

దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. నాన్న, రంగులు ఇంకిన ఆ రెండు చేతులతో, నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

మందులు చాలా వాడాం, మచ్చ పోలేదు. ఇప్పుడు భుజం దాకా పాకింది. వేప మాను మీద కూడా మచ్చలు పెరిగాయి, నీడ దిట్టంగానే ఉంది. ఈనాటికీ మసాలా నూరితే చిటికెడు రాతిపువ్వు వేసేది నా ఎడమ చేత్తోనే. పొడుగు చేతుల జాకెట్టు మాత్రం మళ్ళీ కుట్టించుకోలేదు.