చలికి పోయాయన్నారు

సౌదీ అంటే ఎండలే అనుకుని ఒక్క స్వెట్టరు కూడా లేకుండా విమానం ఎక్కిన తెలివిగలదాన్ని నేను. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదానికి చలి అంటే తెల్లారి ఓ గంటసేపు చేతులు కట్టుకుని నిలబడటమే. నేను పనికి కుదిరిన ఇల్లు మాత్రం ఉత్తరాన, తురైఫ్ అనే ఊరు దాటి జోర్డాన్ సరిహద్దు వైపు వెళ్ళే దారిలో ఉంది. అక్కడ చలికాలంలో బయట వదిలేసిన బకెట్లో నీళ్ళు గడ్డకట్టేస్తాయి. మొదటి ఏడు ఆ గడ్డ చూసి, ఎవరో అద్దం పగలగొట్టి అందులో పడేశారని మేడమ్‌కి చెప్పడానికి పరుగెత్తాను. ఆ ఇంట్లోవాళ్ళు ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వారు.

ఇప్పుడు చెప్పేది నా మూడో చలికాలం సంగతి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది.

మేడమ్ మామగారిని అందరితోపాటు నేనూ బాబా అనేదాన్ని. డెబ్భై దాటిన మనిషి. వయసులో ఉండగా జీపుల్లో జింకల్ని తరిమి తరిమి కాల్చినవాళ్ళలో ఆయనా ఒకడట. ఆయనలాంటివాళ్ళ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల జింక కనపడటమే గగనమైపోయింది. ముసలితనం వచ్చాక మనసు మారింది. ఇంటి వెనక గోడ దాటితే కనుచూపుమేరా నల్లరాళ్ళ ఎడారి. ఆ సంవత్సరం అటునుంచి ఏడు జింకలు వచ్చాయి. ఇసక రంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు, డొక్కల్లో ఎముకలు లెక్కపెట్టొచ్చు. బాబా రోజూ పొద్దున్నే గోడ దగ్గర కుర్చీ వేయించుకుని, ఏడూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే లోపలికి వచ్చి రొట్టె ముట్టుకునేవాడు. అవి ఆ చలికాలం గట్టెక్కాలి. ఆయనకి ఇంకే కోరికా ఉన్నట్టు కనపడేది కాదు.

నా అరబ్బీ వంటింటి అరబ్బీ. బాబా చెప్పేవి పాకిస్తానీ డ్రైవర్ నాకు హిందీలో చెప్పేవాడు. జింక నిజానికి చలికి చావదట. ఒంట్లో కొవ్వుంటే ఎంత చలినైనా కాచుకుంటుందట. కానీ ఆ ఏడు వానల్లేవు. ఉన్న కాస్త తుప్పల్నీ గొర్రెలు వేళ్ళతో సహా మేసేశాయి. అలా ఎండిపోయి వచ్చిన జింకకి చలిగాలి, దాంతోపాటు తుంపర తోడైతే ఇక కష్టమే. దాన్ని బెదరగొట్టి ఒక్కసారి పరుగెత్తిస్తే ఒక రోజు ఆయువు తీసేసినట్టే. అందుకని బాబా ఎవర్నీ అటు పోనిచ్చేవాడు కాదు. డ్రైవర్ ఒక్కడే రోజూ పొద్దున ఓ చిన్న మోపెడు ఎండుగడ్డి రాళ్ళ మీద పెట్టి వచ్చేవాడు.

ఆ మోపు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఏడు ప్రాణాలకి అదేం మూలకి? ఇంకాస్త వెయ్యమని సైగ చేస్తే బాబా వేళ్ళు ఆడించి, "షువయ్య, షువయ్య" అనేవాడు. కొంచెం కొంచెం అని. లోపల షెడ్డు నిండా గొర్రెల మేత ఉంది. వీళ్ళ ఇంట్లో పూటకి నలుగురు తినగా పది మంది తినేంత అన్నం మిగులుతుంది, అదంతా చెత్తడబ్బాలోకి పోతుంది. జింకలకి మాత్రం షువయ్య!

"ఇంత పిసినారిని ఎక్కడా చూడలేదు," అన్నాను డ్రైవర్‌తో. వాడు పకపకా నవ్వి, ఊరుకోకుండా ఆ మాట అక్కడికక్కడే బాబాకి చెప్పేశాడు. బాబా మాత్రం చిన్నగా నవ్వి కుర్చీలో సర్దుకున్నాడు.

ఆ వారమే చలి విరుచుకుపడింది. బుధవారం, గురువారం మేడమ్ పుట్టింటివాళ్ళు వచ్చారు. రెండు రోజులూ పెద్ద పళ్ళేల్లో మాంసం, అన్నం. సగం పళ్ళేలు కెలికి వదిలేశారు. బుధవారం మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతున్న వేళ ఒక పళ్ళెం ఎత్తుకుని వెనక తలుపు తీసి వెళ్ళాను. మాంసం ఏరేసి, అన్నమంతా గడ్డి పెట్టే రాళ్ళ మీదే కుమ్మరించి, గోడ చాటున నిలబడ్డాను. గాలికి చెవులు తెగిపోతున్నాయి. ముందు ఒకటి వచ్చి వాసన చూసింది. ఆ తర్వాత ఐదింటికి తల ఎత్తే తీరికే లేదు. మిగతా రెండూ భయపడి దూరంగానే ఉండిపోయాయి. ఆ తినేవాటిని చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. మా అమ్మ గడపలోకి వచ్చినవాళ్ళకి విస్తరేసి నిలబడి చూసేది, ఆ తృప్తి నాకు ఆ రోజు తెలిసింది. గురువారం రెండు పళ్ళేలు పట్టుకెళ్ళాను.

శుక్రవారం పొద్దున బాబా కుర్చీ వేయించుకోలేదు. గోడ దగ్గర నిలబడే ఉన్నాడు. రాళ్ళ మధ్య ఐదు జింకలు పడి ఉన్నాయి, బొచ్చు మీద తెల్లగా మంచు. "బర్ద్," అన్నాడు బాబా. చలి. కళ్ళు తుడుచుకున్నాడు. డ్రైవర్ కూడా చలే అన్నాడు. నేను వాటి పొట్టలవైపు చూశాను. నిన్నటిదాకా ఎముకలు కనపడ్డ డొక్కలు బిగుసుకుని ఉబ్బి ఉన్నాయి.

నాకు ఫోను శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే. అక్కకి చేశాను.

"అక్కా, ఇక్కడ జింకలు చచ్చిపోయేయి."

"చలికి సచ్చుంటాయిలే. నువ్వెలాగున్నావు?"

"పొట్టలు ఉబ్బిపోయి ఉన్నాయక్కా."

"ఏం పెట్టేవే వాటికి?"

"అన్నం."

"ఓలమ్మో! పెళ్ళిలో మిగిలిన అన్నం తినేసి మన సూడిగేదె పోలేదేంటే? పొట్ట ఉబ్బి రెండ్రోజుల్లో పోయింది. పశువుల డాక్టరు గారు నీ ముందేగా సెప్పేరు, అలవాటు లేని పొట్టలో అంతన్నం పడితే ఇసమైపోద్దని!"

చెప్పారు. నేనే విన్నాను. ఆ గేదె పక్కన కూర్చుని ఏడ్చింది కూడా నేనే. ఇక్కడ పళ్ళెం ఎత్తినప్పుడు అది ఒక్క క్షణం కూడా గుర్తుకు రాలేదు. బాబా షువయ్య అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

"నువ్వు నోరెత్తకు," అంది అక్క. "తెలిత్తే ఎగ్జిట్ కొట్టి పంపించేత్తారు. పిల్లల సదువులు సూసుకో. చలికే అంటన్నారుగా, అననీ."

సరే అన్నాను. నిజం చెప్పొద్దూ, ఫోను పెట్టేశాక ఊపిరి తేలికపడింది.

ఆ సాయంత్రం బాబా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. పదేళ్ళలో ఆయన వంటింట్లోకి రావడం అదే మొదటిసారి అని మేడమ్ తర్వాత చెప్పింది. చేతుల్లో మధ్యాహ్నం మిగిలిన అన్నం పళ్ళెం. వెనకాల డ్రైవర్.

"ఆ అమ్మాయి అన్నది నిజమే, నా పిసినారితనమే వాటిని చంపింది, అంటున్నాడు బాబా," అన్నాడు డ్రైవర్, నావైపు చూడకుండా. "మిగిలిన రెంటికీ ఇది తీసుకెళ్ళి పెట్టమంటున్నాడు. కడుపునిండా."

బాబా పళ్ళెం నా చేతికి అందించబోయాడు. నేను అందుకోలేదు.

"లా, బాబా. మాఫీ బర్ద్. అనా. అనా మౌత్."

చలి కాదు, నేను అని చెప్పాలని. చావడానికి నాకు తెలిసిన మాట మౌత్ ఒక్కటే. చంపడానికి వేరే మాట ఉంటుంది. నాకు అది రాదు. బాబా కంగారుగా పళ్ళెం కింద పెట్టి, "మరీదా?" అని నా మొహంలోకి చూశాడు. జబ్బు చేసిందా అని. నేను చచ్చిపోతున్నానని చెబుతున్నాననుకున్నాడు, పిచ్చిమనిషి. నేను తల అడ్డంగా ఊపాను. అన్నం చూపించాను, బయట రాళ్ళవైపు చూపించాను, నన్ను చూపించుకున్నాను, రెండు చేతులతో నా పొట్ట ముందు పెద్ద పొట్ట గీసి చూపించాను. ఆయన మొహంలో కంగారు పోయింది. ఎన్ని రోజులు అని అడిగాడు. రెండు వేళ్ళు చూపించాను.

ఆయన డ్రైవర్‌తో రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

"ఈ సంగతి మేడమ్ దాకా పోకూడదన్నాడు. పోతే నిన్ను పంపించేస్తారు," అన్నాడు డ్రైవర్.

ఆ రెండూ బతికాయి. రోజుకి ఓ పిడికెడు గడ్డితో చలి దాటి, వానలు పడి తుప్పలు చిగిర్చాక నల్లరాళ్ళలోకి వెళ్ళిపోయాయి. వచ్చిన చుట్టాలు అడిగితే బాబా చలికి ఐదు పోయాయనే చెప్పేవాడు, నేను అక్కడే వాళ్ళకి గహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోస్తూ వినేదాన్ని. అంతకుముందు ఆయనకి గహ్వా నేనే పోయాలి. ఆ శుక్రవారం నుంచి నేను కూజా వంచబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ ఇంట్లో ఇంకో రెండేళ్ళు ఉన్నాను. ఆయన ఆ చెయ్యి తియ్యలేదు.