బుడగక్క ముక్కు తెరుచుకున్న రోజు

ప్రయోగశాలలకు గాజు బుడ్డీలు ఊదే కార్ఖానాలో ఆమెను అందరూ బుడగక్క అనేవాళ్లు. మంటలో ఎర్రబడ్డ గాజును రెండు చేతులా తిప్పుతూ, రబ్బరు గొట్టం నోట పెట్టుకుని ఊదితే, గుండ్రటి బుడ్డి చకచకా పొంగేది. ఊదేది నోటితో, గాలి పీల్చేది ముక్కుతో. మధ్యలో నోరు తీసిందా, పని పాడు.

రెండేళ్లలో ఆమె పదహారు కిలోలు పెరిగింది. ముక్కు మూసుకుపోయి, నోరు తెరిస్తే గానీ ఊపిరాడేది కాదు. ఒక్క వారంలోనే ఏడు బుడ్డీలు కుంగిపోయాయి. "జలుబేలే" అని తోసేస్తూ వచ్చింది.

అక్కడే బుడ్డీలు పెట్టెల్లో సర్దే ఆడపడుచు ఊరుకోలేదు. "వదినా, నీ గురకకి పక్కగదిలో నాకు కునుకు లేదు. ఇవాళ డాక్టరు దగ్గరికి రాకపోతే నీతో మాట్లాడను!"

డాక్టరమ్మ ముక్కులోకి సన్నటి గొట్టం పెట్టి చూసింది. "ఎముక వంకర లేదు, కండ పెరగలేదు. లోపలి పొర వాచింది. బరువు పెరిగినవాళ్లలో కొందరికి ఇలా అవుతుంటుంది. తగ్గితే ముక్కు తెరుచుకోవచ్చు. ఖాయమని మాత్రం చెప్పలేను."

"అయితే కోయక్కర్లేదా!" బుడగక్క గంతేసినంత పని చేసింది.

మర్నాటి నుంచి వదినామరదళ్లు పొద్దున్నే వంతెన దాకా నడిచారు. మొదట్లో బుడగక్క పది అడుగులకోసారి ఆగేది. "రా వదినా, వంతెన మన దగ్గరికి నడిచి రాదు" అని ఆడపడుచు వెక్కిరించేది. తీపి మానేసిన చిరాకంతా బుడగక్క ఆడపడుచు మీదే చూపించేది. నెలకి కిలోన్నరే తగ్గితే కాటా మీదే ఏడ్చేసింది.

తొమ్మిది కిలోలు తగ్గాక, ఒక పొద్దున వంతెన మీద టక్కున ఆగింది.

"ఏమైంది వదినా?"

"ఇంటి దగ్గర్నుంచి ఇక్కడి దాకా నేను నోరే తెరవలేదే!"

ఇద్దరూ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. సైకిలు మీద పోయే పెద్దమనిషి దిగి మరీ చూశాడు.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీని బతిమాలి ఐదు లీటర్ల బుడ్డికి పూనుకుంది. అంత పెద్దది ఎన్నడూ ఊదలేదు. చుట్టూ జనం మూగారు. బుగ్గలు నిండాయి, ముక్కుపుటాలు అదిరాయి, గాజు గుమ్మడికాయలా పొంగుతూ పోయింది.

"ఆపకు వదినా, ఆపకు!"

ఆపలేదు. మేస్త్రీ కొలత పెట్టి చూసి, "వెంట్రుకవాసి తేడా లేదమ్మా" అన్నాడు. కార్ఖానా అంతా చప్పట్లు.

"రేపు పది లీటర్లది ఇస్తారా?" అంది బుడగక్క.