పడవ మీది బొమ్మకు జడ వచ్చింది

కీమోతో నా జుట్టంతా ఊడిపోయాక, మా మైపాడులో నన్ను పలకరించేవాళ్లు కూడా దూరంగా నిలబడే మాట్లాడుతున్నారు. క్యాన్సర్ వచ్చిన మనిషి కూడా బతికే ఉంటుందని వాళ్లకు చూపించాలనిపించింది. పడవల మీద పేర్లు రాయడం నా పనే కాబట్టి, నిన్న మా పడవ ముందు భాగం మీద నా బొమ్మ వేశాను. గుండు తల, నవ్వు ముఖం, చేతిలో వల. బాగానే కుదిరింది.

ఈ రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే బొమ్మకు నల్లటి జడ ఉంది. జడలో మల్లెపూలు కూడా ఉన్నాయి. పక్కనే మా ఆయన బ్రష్ కడుగుతున్నాడు.

"ఎందుకు మార్చినావు?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "గుండుతో ఆడమనిషి బొమ్మంటే మొగుడు పోయిన మనిషనుకుంటారు మే. దాన్ని పెట్టుకోని వేటకు పోతే నేను తిరిగొస్తానా? మా అమ్మ రాత్రంతా ఒకటే ఏడుపు."

"నా తలకాయ రోజూ ఇంట్లోనే ఉండాది కదయ్యా. దాన్ని చూసి ఎవురూ ఏడవలేదే?"

ఆయన పడవ నెట్టుకుని వేటకు వెళ్లిపోయాడు.

జడ చక్కగానే వేశాడు, కాదనను. పెళ్లిలో కూడా నాకంత జడ లేదు.

సాయంత్రం పడవ క్షేమంగా ఒడ్డుకొచ్చింది. మా అత్త ఎర్రనీళ్లు తెచ్చి పడవకు దిష్టి తీసింది, బొమ్మ ముఖం ముందు ఇంకోసారి తిప్పింది. అక్కడే నిలబడ్డ నన్ను మాత్రం కాస్త పక్కకు జరగమంది.

ఆ జడ చెరిపేయమంటారా, ఉంచమంటారా? చెరిపేస్తే ఈ ఊళ్లో నాకు దిష్టి తీసేవాళ్లు ఉండరు.