గంటా ఇరవై నిమిషాలు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు నా భార్య నేర్పింది. ఇంగ్లీషులో ఊళ్ల పేర్లు మాత్రం నేనే నేర్చుకున్నాను, సూరత్ మార్కెట్లో చీరల మూటలు కట్టే పనిలో. మూట మీద హైదరాబాద్ అని ఉంటే ఎవరినీ అడగకుండా ఆ గుట్టలో వేసేవాడిని. అంతకుముందు ప్రతి మూటకూ ఒకరిని అడిగేవాడిని. అడగడం మానేయడమే చదువనుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక పొద్దున కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి బావ ఫోన్ చేశాడు. మా అక్క పోయింది. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర కప్పాకే శవాన్ని లేపుతారు. పుట్టింటికి మిగిలింది నేనొక్కడినే. పైగా కలిసినప్పుడల్లా అక్క దెప్పేది: "సూరత్ల ఉంటవు. దునియాకంత చీరలు మూటగడ్తవు. అక్కకు ఒక్కటన్న తెస్తివారా?" నిజమే, ఎన్నడూ తేలేదు.

ఎర్రంచు పసుపు చీర ఒకటి తీసుకుని ఇంటికొచ్చాను.

"ఎట్ల పోతవు?" అంది నా భార్య.

"విమానంల."

"జర ఎవలనన్న అడిగి పోరాదు?"

"నాకు సదువొచ్చు. నోరు మూస్కో."

మా పేట పర్వత్ పాటియాలో ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లి, సూరత్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపని అడిగాను. దుకాణంవాడు రెండు పేర్లు కొట్టి కాగితం తీసిచ్చాడు. రెండు పేర్లూ చదివాను. మధ్యలో తిన్నని గీత, దాని మీద చిన్న విమానం బొమ్మ. కింద అంకెల్లో గంటా ఇరవై నిమిషాలని ఉంది. అక్కడినుంచే బావకు ఫోన్ చేశాను.

"బావా, అక్కను లేపకుండ్రి. విమానం గంటా ఇరవై నిమిషాలే. చీర తెస్తున్న."

"నిజంగనేనారా?"

"కాగితం నా చేతుల ఉన్నది. నేనే సదివిన."

ఆటో ఎక్కి డుమస్ దారిలో విమానాశ్రయానికి పోయాను. గేటు దగ్గర కాపలావాడు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"హైదరాబాద్? కాకా, ఇధర్ సే కోయీ ప్లేన్ నహీ జాతా."

హైదరాబాద్‌కు ఇక్కడినుంచి విమానమే పోదని. కాగితం చూపించాను. నవ్వాడు. అది రెండు ఊళ్ల మధ్య దూరం లెక్క మాత్రమేనట. విమానం పోతే అంతసేపు పడుతుందని రాశారు తప్ప, పోతుందని రాయలేదట.

అప్పుడే బావకు ఫోన్ చేసి, నా కోసం చూడొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. 'నేనే సదివిన' అన్న నోటితో ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. స్టేషన్‌కు పరుగెత్తి, దొరికిన రైలెక్కి, ముంబైలో ఇంకో రైలు మారి, మళ్లీ బస్సు పట్టుకుని, మర్నాడు సాయంత్రానికి చేరాను. అక్క అప్పటికే బూడిదైంది.

వాకిట్లో అడుగు పెట్టగానే మేనల్లుడు ఎదురొచ్చాడు.

"మామా, విమానం బస్టాండ్ల దిగిందా?"

చావింట్లో నలుగురు నవ్వారు. నాకు కోపం రాలేదు, తెచ్చుకునే మొహమూ లేదు.

బావ నవ్వలేదు. "పొద్దుగూకేదాంక మొగులు దిక్కు జూసుకుంట కూసున్నం," అన్నాడు. "ఆఖరికి నేనే ఒక చీర కొనుక్కొచ్చి నీ పేరు జెప్పి కప్పిన."

సంచిలోంచి చీర తీసి చాపాను. ఆయన చెయ్యి చాపలేదు.

"ఎవలు గట్టుకోవాలెరా దీన్ని?"

చీరను మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. మూట కట్టడం ఒక్కటే నాకు సరిగ్గా వచ్చిన పని.