ఈ కార్డు వాడేవాళ్లు ఇంకా ఉన్నారా?

నర్సీపట్నంలో చర్చి వెనక సందులో దీనాను తెలియనివాళ్లు లేరు గానీ, ఆమె ఇంట్లో అడుగుపెట్టినవాళ్లు మాత్రం తక్కువ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. మిషన్ ఆస్పత్రి రికార్డు సెక్షన్లో ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేసింది. ఆస్పత్రి మూతపడి తొమ్మిదేళ్లయింది, తల్లి పోయి మూడేళ్లయింది. ఆదివారం ఆరాధనకు వెళ్లి రెండో వరసలో గోడవారగా కూర్చుంటుంది. అయిపోయాక అందరికీ వందనాలు చెప్పి ఇంటికొస్తుంది. కొన్ని వారాల్లో ఆ వందనాలు తప్ప ఆమె నోట మరో మాట వచ్చేది కాదు.

ఇంటి ముందుగదిలో ఆస్పత్రి కంప్యూటరు ఉండేది. తొంభైల్లో కొన్నది, 486 రకం. ఆస్పత్రి నడిచిన రోజుల్లో ఉన్న కంప్యూటరు అదొక్కటే. దానికి ఎనిమిది టెర్మినళ్లు తగిలించి ఉండేవి. టెర్మినల్ అంటే సొంత బుర్ర లేని తెర, కీబోర్డు. దీనా కూర్చునే ఓపీ కౌంటరులో ఒకటి, మందుల గదిలో ఒకటి, ల్యాబులో ఒకటి, వార్డుల్లో తక్కినవి. ఆ ఎనిమిదింటి వైర్లూ వచ్చి చేరేది పెట్టెలోపలి ఒకే ఒక కార్డుకు. ఎనిమిది పోర్టుల కార్డు.

మందుల గదిలో లీలా కూర్చునేది. చీటీలు తగ్గిన వేళ దీనా తెర మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాల్లో "పులిహోర తెచ్చాను, వస్తావా" అని పడేది. దీనా "రెండు నిమిషాలు" అని కొట్టేది. ఇద్దరి మధ్యా ఒక్క గోడే అడ్డం, లేచి వెళ్లి చెప్పొచ్చు. అయినా అలాగే రాసుకునేవారు. ఆస్పత్రి మూసేశాక లీలా విజయనగరం వెళ్లిపోయింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. ఆ సంగతి దీనాకు నాలుగు రోజుల తరవాత, పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో చూస్తే తెలిసింది.

ఆస్పత్రి మూసిననాడు సామాన్లన్నీ పాత ఇనుము కింద తూకానికి వేస్తుంటే దీనా ఆ పెట్టె దగ్గరే నిలబడిపోయింది. సంఘపెద్ద సామ్యేలుగారు చూసి, "తీసుకుపో అమ్మా, ఏటి సేసుకుంటావో గానీ" అన్నారు. పెట్టె, దాని సొంత తెర, రెండు టెర్మినళ్లు ఆటోలో ఇల్లు చేరాయి.

మరుసటేడు పెట్టెలోని డిస్కు చెడిపోయింది. దాంతోపాటే ఆస్పత్రి పాత ప్రోగ్రాములన్నీ పోయాయి. అప్పుడే దీనా, కంప్యూటరును నడిపించే లినక్సు అనే సాఫ్ట్‌వేరు నేర్చుకోవడం మొదలుపెట్టింది. చెప్పేవాళ్లు లేరు. లాప్‌టాప్‌లో చదివేది, చేసేది, చెడగొట్టేది, మళ్లీ చదివేది.

లినక్సులో, యంత్రాన్నీ ప్రోగ్రాములనూ కలిపి నడిపించే మూలభాగం కెర్నెల్. ఉచితంగా దొరుకుతుంది. కానీ పాత యంత్రంలో పట్టాలంటే దాన్ని మనమే కత్తిరించుకోవాలి. అందుకు అది వేల ప్రశ్నలు అడుగుతుంది. అవును అంటే ఆ భాగం ఉంటుంది, కాదంటే ఉండదు. ఓపీలో కూర్చున్నన్నాళ్లూ పేరేంటి, ఊరేంటి, ఎన్నాళ్ల నుంచి జ్వరం అని అడిగింది దీనా. ఇప్పుడు ఆమెనే యంత్రం అడుగుతోంది. సౌండు కార్డు ఉందా? లేదు. కెమెరా? లేదు. నెట్‌వర్కులో ఇంకెవరైనా? లేరు. ఒకటికి మించి ప్రాసెసర్లు? లేవు. ముప్పై రెండు మెగాబైట్ల మెమరీ. ఇప్పటి ఫోనులో తీసే ఫొటోలు పదింటికి కూడా చాలదు. అందులో ఇమడాలంటే దాదాపు అన్నిటికీ లేదనే చెప్పాలి. ఎనిమిది పోర్టుల కార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె వేలు తడుముకోకుండా అవును మీదికి వెళ్లేది.

ఇలా కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా తయారుచేసి ఎక్కించేది. కెర్నెల్ రాసేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచీ రాసుకునే ఈమెయిళ్లు పొద్దున్నే కాఫీతో చదివేది, పేపరు చదివినట్టు. వాళ్ల అలకలూ వెటకారాలూ కూడా ఆమెకు తెలుసు. ఆమె ఒకతి ఉన్నట్టు వాళ్లలో ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్లలో ఒక్క ముక్క రాయలేదు.

నవంబరులో ఒక పొద్దున ఆ ఈమెయిల్ వచ్చింది. రాసినాయన కెర్నెల్లో ఇలాంటి కార్డుల భాగాలను చూసుకునే పెద్ద. అందులో ఉన్నది ఇంతే: ఈ ఎనిమిది పోర్టుల కార్డు డ్రైవరును ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. కార్డు వాడేవాళ్లు ప్రపంచంలో ఇంకెవరూ ఉన్నట్టు లేదు. తీసేద్దామనుకుంటున్నాను. ఎవరైనా ఉంటే చెప్పండి.

డ్రైవరంటే కార్డు భాష కెర్నెల్‌కు, కెర్నెల్ భాష కార్డుకు చెప్పే దుబాసీ. అది లేకపోతే ఆ రెండు టెర్మినళ్లూ ఉత్త గాజుపలకలు.

దీనా రెండుసార్లు చదివింది. కాఫీ చల్లారిపోయింది. ఉన్నానని ఎలా చెప్పాలి? వాళ్లంతా పెద్ద పెద్ద ఇంజినీర్లు. తను ఇంటర్ చదివి ఆస్పత్రిలో పేర్లు కొట్టుకున్న మనిషి.

ఆదివారం ఆరాధన అయ్యాక సామ్యేలుగారితో అంది.

"అయ్యగారూ, ఆస్పత్రి కంప్యూటరు ఉంది కదండీ, దానిలో ఒక కార్డు..."

"అదింకా ఉందేటమ్మా నీకాడ!" సామ్యేలుగారు నవ్వారు. "ఇప్పుడన్నీ ఫోన్లోనే కదమ్మా. ఆ డొక్కు తీసేస్తే గది ఖాళీ అవుద్ది. ఎవరికైనా అద్దెకిచ్చుకోవచ్చు." ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్లిపోయారు.

పక్కవాటాలో అప్పలలక్ష్మి ఉంటుంది. రోలుగుంట వైపు రైతుల ఇంటి ఆడపడుచు. స్కూల్లో మధ్యాహ్నభోజనం వండుతుంది. ఆ సాయంత్రం గోడ మీంచి కరివేపాకు అందిస్తూ, "ఏటి దీనమ్మగారూ, మొకం అలగైపోనాది?" అంది.

ఎవరికో ఒకరికి చెప్పాలని దీనాకు అనిపించింది. తోచినట్టు చెప్పింది. ఒక వస్తువు ఉందనీ, దాన్ని వాడేవాళ్లు ఎవరూ లేరనుకుని ఎక్కడో పెద్దవాళ్లు తీసేయబోతున్నారనీ.

"మరి మీరున్నారు కదేటి?"

"ఉన్నాను."

"ఊరుకుంటే పేరు కొట్టేత్తారండి. మా అత్తకి రేషన్ కార్డులో అలగే సేసినారు. మడిసి బతికే ఉంది, ఏలిముద్ర ఎయ్యడానికి ఎల్లనేదని తీసి పడేసినారు. ఉన్నానని మనమే బేగి సెప్పుకోవాల. ఎవులొచ్చి సెప్తారు?"

మర్నాడు దీనా మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేసింది. నాలుగోసారి రెండే వాక్యాలు మిగిలాయి. "నా దగ్గర ఈ కార్డు ఉంది. పనిచేస్తోంది." కింద తన పేరు, ఊరి పేరు. పంపేసి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా గిన్నెలన్నీ మళ్లీ తోమింది.

జవాబు మర్నాటికే వచ్చింది. ఆయన సంతోషించాడు. ఆ డ్రైవరును కొత్త పద్ధతిలోకి మార్చి రాస్తాననీ, అయితే తన దగ్గర కార్డు లేదు కాబట్టి ఆమే పరీక్షించి పెట్టాలనీ అడిగాడు. చివర ఒక మాట: దీన్ని మీరు దేనికి వాడుతున్నారు? ఆ ప్రశ్నకు తప్ప తక్కినవాటన్నిటికీ దీనా బదులు రాసింది.

ఆయన మార్పులు డిసెంబరు మొదటివారంలో వచ్చాయి. లాప్‌టాప్‌లో కలిపి, ప్రశ్నలన్నిటికీ మొదటినుంచి జవాబులిచ్చుకుంటూ కొత్త కెర్నెల్ కట్టింది. చెడిన డిస్కుకు బదులుగా వాడే మెమరీ కార్డు మీద రాసి పాత పెట్టెలో గుచ్చి స్విచ్ వేసింది. తెర మీద ఒక వరస పడింది. అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ కట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. చర్చిలో క్రిస్మస్ పాటల సాధన జరుగుతోంది, కిటికీలోంచి వినిపిస్తోంది. వెళ్తే బాగుండునని రోజూ అనుకుంటూ ఐదు రోజులు ఆ తెర ముందే కూర్చుంది. లోపం ఆయన మార్పుల్లో ఉందేమోనని రాయబోయింది. చెయ్యి ఆగింది. ముందు తన జవాబులు తను చూసుకోవాలి కదా. పాత కెర్నెల్‌కు ఇచ్చిన జవాబుల జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టుకుని, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్క వరసా చూసింది.

ఆరో రోజు దొరికింది. ఆ 486లో దశాంశాల లెక్కలు చేసే భాగం ఉండదు. ఆ లెక్కలు కెర్నెలే దాని బదులు చేసిపెట్టాలి. చేయాలా అని అది అడిగితే, చోటు మిగులుతుందని ఈసారి దీనా వద్దంది. టెర్మినళ్లకు లెక్కలెందుకని. ఆ ఒక్క "వద్దు"ను "అవును" చేసింది. ఈసారి తెర మీద వరసలు ఆగకుండా పరుగెత్తాయి. చివర్న కార్డు పేరు, దాని పక్కన ఎనిమిది పోర్టులు అని పడింది. దీనా బయటికి వినబడేట్టే "దొరికింది!" అంది. గదిలో గోడగడియారం తప్ప ఏమీ లేదు.

ఇక పరీక్షలు. రెండు టెర్మినళ్లలో ఒకేసారి టైపు చేస్తే అక్షరాలు తారుమారవుతున్నాయేమో చూడాలి. ఎనిమిది పోర్టులకూ వైర్లు మార్చి మార్చి చూడాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. సెలవురోజు చూసి అప్పలలక్ష్మిని పిలిచింది.

అప్పలలక్ష్మి చేతులు చీరకు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది. "నాకు ఇంగిలీసు రాదండి."

"అక్కర్లేదు. ఏది తోస్తే అది నొక్కు. ఆపకుండా నొక్కు."

"పేలిపోదు కదా?"

"పేలదు."

అప్పలలక్ష్మి ఒక వేలితో మొదలుపెట్టి రెండు చేతులతో వాయించింది. దీనా రెండో టెర్మినల్ దగ్గర కూర్చుని తను కొడుతూనే, అటు నుంచి వచ్చే అక్షరాలు తన తెరలో కింది సగంలో పడేట్టు పెట్టుకుంది. అర్థం లేని పచ్చటి అక్షరాలు వరసకట్టి వస్తున్నాయి.

"నేను నొక్కింది మీకాడ అగుపడతందేటండీ?" అని అరిచింది అప్పలలక్ష్మి, నాలుగడుగుల దూరం నుంచి.

దీనా తెర దగ్గరికి వంగింది. తొమ్మిదేళ్లుగా ఆ తెర మీద పడిన ప్రతి అక్షరం తను కొట్టిందే.

"కనబడుతోంది," అంది. "ఆపకు."

ఎనిమిది పోర్టులూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ చారు, వంకాయకూరతో అన్నం తిన్నారు.

ఫలితాలన్నీ పట్టిక వేసి పంపింది. ఆయన మెచ్చుకుంటూ రాసి, మొదట అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాడు. ఏమీ అనుకోవద్దు, తెలుసుకోవాలని కుతూహలం అంతే అన్నాడు. దీనా ఈసారి తప్పించుకోలేదు. "ఆస్పత్రిలో దీనికి ఎనిమిది టెర్మినళ్లు ఉండేవి. ఆస్పత్రి లేదు. నా దగ్గర రెండున్నాయి. దీనితో పనేమీ లేదు. రోజూ పొద్దున వెలిగిస్తాను, కాసేపు ఏదో రాసుకుంటాను, ఆర్పేస్తాను," అని రాసింది.

"అది వాడటమే," అని ఆయన జవాబిచ్చాడు.

ఫిబ్రవరిలో కొత్త కెర్నెల్ వచ్చింది. ఆ డ్రైవరు చరిత్రలో, పరీక్షించినవారు అన్నచోట దీనా పేరుంది. ఆమె దాన్ని ఫోనుతో ఫొటో తీసింది. ఎవరికి పంపాలా అని పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసింది. లీలా నంబరు ఇంకా ఉంది. ఫోను పక్కన పెట్టేసింది.

ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం కొయ్యూరు కొండల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మామిడికాయలు రాలేంత గాలి. దీనా ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పరుగెత్తింది. ప్లగ్గు పీకాలని గుర్తొచ్చేలోపు ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది. లోపలికొచ్చేసరికి గదంతా కాలిన వాసన. పెట్టె మాత్రం చిత్రంగా బతికింది. కార్డు పోయింది. మధ్యలోని పెద్ద చిప్పు మీద గోరంత నల్లటి గుంట పడింది. దానితోపాటు రెండు టెర్మినళ్లూ పోయాయి.

అలాంటి కార్డు కోసం హైదరాబాదులో పాత సామాన్ల కొట్లకు ఫోన్లు చేసింది. పేరు విని ఒకాయన, "అదేంటమ్మా?" అని ఆమెనే అడిగాడు.

ఆ డ్రైవరు ఇప్పుడు ఆమె ఒక్క మాట మీద నిలబడి ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, పక్కన ఆమె పేరుతో. రెండు వారాలు ఊరుకుంది. పొద్దున్నే ఈమెయిళ్లు చదువుతుంటే, వేరే పనుల మధ్య ఆయన ఆ డ్రైవరును కూడా కష్టపడి సరిచేస్తుండటం కనబడింది, లేని కార్డు కోసం. మూడోసారి అది చూశాక లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "నా కార్డు పిడుగుకు కాలిపోయింది. ఇంకొకటి దొరకలేదు. ఇక నాకోసం దీన్ని ఉంచనక్కర్లేదు." ఈసారి చెరపలేదు.

ఆయన నెల రోజులు ఆగాడు. వాడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని మళ్లీ అందరినీ అడిగాడు. ఎవరూ పలకలేదు. జూన్ నెలాఖరున తీసేశాడు. తీసేస్తూ రాసిన నాలుగు వరసలు దీనా పొద్దున్నే చదివింది. "ఈ కార్డు వాడుతున్న చివరి వ్యక్తి, నర్సీపట్నం నుంచి దీనా, తన కార్డు పాడైందని తెలియజేశారు. ఆమె శ్రద్ధగా పరీక్షించకపోతే దీన్ని ఈపాటికే పోగొట్టుకునేవాళ్లం. ఆమెకు కృతజ్ఞతలు."

ఆమె ఇంకోసారి చదివింది. ఏడుపు రాలేదు, సంతోషమూ కాదు. బయట ముసురు పట్టి ఉంది.

పది దాటాక అప్పలలక్ష్మి పళ్లెం నిండా పనసతొనలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తడిసిన కాళ్లు గోనెపట్టా మీద తుడుచుకుంటూ మొహంలోకి చూసింది.

"ఏటండీ, అలగున్నారు?"

"ఏం లేదు. ఒక ఉత్తరం వచ్చింది."

"మంచిదేనా?"

దీనా పళ్లెం అందుకుంది. కొంచెం ఆలోచించి, "మంచిదే," అంది. ఆ పైన, ఎప్పుడూ అననిది, "కూర్చో, వాన తగ్గాక వెళ్దువు గాని," అంది.