బెల్ కొట్టింది మస్తాన్ గారే

మా వీధిలో ఈ మధ్య దొంగతనం జరిగిందని, ఈ రోజు ఇంటికి కెమెరా పెట్టించాను. మావారు పోయాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

పనికి వచ్చిన మస్తాన్ గారు గుమ్మం పైన కెమెరా బిగించి, వైరును తలుపు పక్కగా తెల్ల పట్టీలో దూర్చి, కిటికీ మూల నుంచి లోపలికి లాగి టీవీకి కలిపారు. ఎక్కడా వైరన్నదే కనపడలేదు. మిర్చియార్డు వైపు నుంచి వచ్చే ఘాటుకు తుమ్ముతూనే చేశారు పాపం.

"ఇంట్లో ఎవరినైనా గేటు దాకా వెళ్ళి రమ్మనండమ్మా, బొమ్మ ఎట్టా వస్తందో చూద్దాం" అన్నారు.

"ఇంకెవరూ లేరండి."

"అయితే నేనే వెళ్తా. మీరు టీవీ చూస్తా ఉండండి."

టీవీలో మా గేటు తెరుచుకుంది. ఒక మనిషి లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, బెల్ కొట్టాడు. నేను గబగబా లేచి, కొంగు సర్దుకుని వెళ్ళి తలుపు తీశాను.

"అదేందమ్మా! టెస్టింగే కదా, మీరెందుకు లేచారు?"

నాకూ తెలియలేదు. "బెల్ మోగింది కదండీ. రండి, టీ పెడతాను" అన్నాను.

ఆయన టీ తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. ఆ తర్వాత సాయంత్రం దాకా టీవీ ముందే కూర్చున్నాను. ఒక మేక వచ్చి గేటు వాసన చూసి పోయింది.

పనేమీ లేకుండా, ఊరికే, మీ ఇంటికి ఈ మధ్య ఎవరైనా వచ్చారా? వస్తే ఇక్కడ రాయండి. కాసేపు కుళ్ళుకుంటాను.