పళ్ళతో విన్న మేస్త్రి

ఆ ఊరి కుళాయి నీళ్ళకు జాలి లేదు. కొత్త కెటిల్ ఆర్నెల్లు తిరక్కుండా లోపల తెల్లగా పెచ్చులు కడుతుంది. మిషన్లో ఉతికిన తువ్వాలు అట్టముక్కలా నిలబడుతుంది. గీజర్ కాయిల్ మీద గార పేరుకుని, చివరికి కాయిల్ తన వేడికి తానే పగిలిపోతుంది. జనం ఆ నీళ్ళను తిట్టుకుంటారు. రిపేరు షాపులవాళ్ళు మాత్రం వాటికి దండం పెట్టుకుంటారు.

అలాంటి ఒక షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మెకానిక్ చెవి మేస్త్రి. గీజర్ విప్పకుండానే జబ్బు చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. స్క్రూడ్రైవర్ మొన ట్యాంకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. గార పట్టిన కాయిల్ మీద నీళ్ళు కాగుతుంటే లోపల గులకరాళ్ళు దొర్లినట్టుంటుంది. "అర వేలు మందం పట్టిందమ్మా" అనేవాడు. విప్పితే అర వేలే ఉండేది. ఇంట్లో అతని మాటను ఖాతరు చేసినవాళ్ళు లేరు గాని, వీధుల్లో మాత్రం మేస్త్రి వస్తేనే తలుపు తీసేవాళ్ళు. అతనికున్న పరువంతా ఆ చెవిలోనే ఉంది.

యాభయ్యో ఏట ఆ చెవి పోసాగింది. రెండోది దానికి తోడు వెళ్ళింది. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు చేతులు ఖాళీ లేక పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటే మొన ట్యాంకుకు తగిలింది. దవడ ఎముకలోంచి గులకరాళ్ళు దొర్లాయి, పాతరోజుల్లోలాగే. అప్పటినుంచి పళ్ళతోనే విన్నాడు. ఒక్కసారీ తప్పలేదు.

అతను పెంచి పెట్టే టీవీ గోల పడలేక భార్య తన తమ్ముడి దగ్గర నోరు జారింది. "మీ బావకు చెవుడొచ్చిందిరా. ఎవరితో అనకు."

తమ్ముడు అదే షాపులో పనివాడు. బావ పక్కకు తప్పుకుంటే పెద్ద మేస్త్రి తనే అవుదామని ఎనిమిదేళ్ళుగా గోతికాడ నక్కలా కూర్చున్నాడు. మర్నాటికి షాపంతా తెలిసిపోయింది.

యజమాని పరీక్ష పెట్టాడు. బల్ల మీద మూడు పాత గీజర్లు. వైర్లు బల్ల వెనక్కి దిగి ఉన్నాయి.

"ఏదానికి ఎంత పట్టిందో చెప్పు మేస్త్రీ!" అని గట్టిగా అరిచాడు. "తప్పితే రేపట్నుంచి ఇళ్ళకు నీ బావమరిదే వెళ్తాడు."

మేస్త్రి పిడి నోట్లో పెట్టుకోబోతే బావమరిది చెయ్యి పట్టేశాడు. "ఆగు బావా! అలా కొరికితే గీజర్ గార ఏదో, నీ పళ్ళ గార ఏదో ఎలా తెలుస్తుంది?"

మేస్త్రికి మాట సగమే అందింది. నవ్వులు మాత్రం పూర్తిగా కనిపించాయి.

"పేరు చెవి మేస్త్రి కదయ్యా," యజమాని తన చెవి చూపించాడు. "చెవితోనే విను. నువ్వలా కొరుకుతుంటే ఇళ్ళల్లో ఆడవాళ్ళు అసహ్యించుకుంటున్నారు."

మేస్త్రి పిడి చెవికి పెట్టుకున్నాడు. "పావు వేలు" అన్నాడు. రెండోదానికి "అర వేలు" అన్నాడు. మూడోదాని దగ్గర కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది బాగా మూలుగుతోంది. వేలు మందం. ఇవాళే కడగాలి."

బావమరిది బల్ల వెనకనుంచి చెయ్యి పైకెత్తాడు. మూడు ప్లగ్గులూ గుప్పిట్లో ఉన్నాయి.

"కరెంటే లేదు బావా! మూలిగింది నువ్వే!"

షాపు పగలబడి నవ్వింది. అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో నిలబడ్డ భార్య కూడా నవ్వేసి, ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మర్నాటినుంచి మేస్త్రిది వెనక గది. యాసిడ్ తొట్టిలో కాయిళ్ళు ముంచి గార రాల్చాలి. దానికి చెవులు అక్కర్లేదు. బావమరిది స్క్రూడ్రైవర్ పట్టుకుని వీధుల్లోకి వెళ్ళాడు. అతనికి అన్నీ వినిపిస్తాయి, ఒక్కటీ అర్థం కాదు. ఏ ఇంట్లోనైనా "అర వేలు" అంటాడు.

చలికాలం మొదట్లో భార్య మేస్త్రి చెవిలో అరిచింది. "ఏమయ్యా, మన గీజర్ ఏదో గొణుగుతోంది. చూడు."

"చెవిటివాణ్ణి, నేనేం చూస్తాను? నీ తమ్ముణ్ణి పిలువు."

తమ్ముడు వచ్చి, విని, "ఇంకో ఏడాది ఢోకా లేదక్కా" అన్నాడు.

అక్కాతమ్ముళ్ళు ముందుగదిలో కబుర్లలో ఉండగా మేస్త్రి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పాత స్క్రూడ్రైవర్ ట్యాంకుకు ఆనించి పిడి కరిచి పట్టుకున్నాడు. గులకరాళ్ళు కాదు, బండలు దొర్లుతున్నాయి. వాటి మధ్య సన్నగా టిక్కు, టిక్కు. కాయిల్ పగలబోయే ముందు అలాగే అంటుంది. పగిలితే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. ఆ చప్పుడు విన్న ప్రతి ఇంట్లోనూ అతను ముందు మెయిన్ ఆపించి, తర్వాతే మాట్లాడేవాడు.

పిడి చొక్కాకు తుడుచుకుని బయటికొచ్చాడు.

"నువ్వూ చూశావా?" అంది భార్య, చేత్తో సైగ చేస్తూ.

"నీ తమ్ముడు చెప్పాడుగా."

మర్నాటినుంచి మేస్త్రి చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. చలికి పళ్ళు టకటకలాడుతుంటాయి. భార్య అది కూడా తమ్ముడికి చెప్పి నవ్వింది.